మెదడు పొరలకు ఫంగస్ సోకినవారికి హెచ్‌ఐవీ మందులు మొదలయ్యాక తిరిగొచ్చే తలనొప్పి: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఏఆర్‌టీ సెంటర్ల (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రాల) నుంచి మందులు తీసుకుంటున్నవారిలో క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మెదడు పొరలకు సోకి, చికిత్స చేయించుకుని ఇంటికొచ్చినవారి కోసం, వాళ్లను చూసుకునే ఇంట్లోవాళ్ల కోసం ఈ సమాధానాలు రాశాం. తలనొప్పి పూర్తిగా తగ్గి, అన్నం తింటూ, నడుస్తూ ఉన్న మనిషికి నెలకో రెండు నెలలకో అదే నొప్పి మళ్లీ మొదలైతే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. ఆ రోజు మూడు పనులు మాత్రం చేయకండి. హెచ్‌ఐవీ మాత్రలు ఆపొద్దు. ఫంగస్‌కు వేసుకునే ఫ్లుకొనజోల్ మాత్రలు ఆపొద్దు. మెడికల్ షాపులో నొప్పి ఇంజక్షన్ వేయించొద్దు. అదే రోజు ఆసుపత్రికి బయలుదేరండి.

ఈ ఫంగస్ మాకెలా వచ్చింది? ఇంట్లో పిల్లలకు అంటుకుంటుందా?

అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, దగ్గినా ఒకరి నుంచి ఇంకొకరికి రాదు. ఈ ఫంగస్ మట్టిలో, పక్షుల రెట్టల్లో, ముఖ్యంగా ఎండిపోయిన పావురాల రెట్టల్లో ఉంటుంది. దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చాలామంది ఎప్పుడో ఒకప్పుడు పీల్చే ఉంటారు, ఒళ్లు దాన్ని అణిచేస్తుంది. ఒంటిని కాపాడే సీడీ4 కణాలు 100 కన్నా కిందికి పడిపోయినవారిలో అది రక్తంలో కలిసి మెదడు చుట్టూ ఉండే నీటిలోకి చేరుతుంది. ఇంటి మీద పావురాల గూళ్లుంటే రోగి చేత ఊడ్పించకండి. వేరేవాళ్లు నీళ్లు చల్లి తడిపాకే తీయాలి.

హెచ్‌ఐవీ మందులు వేసుకుంటుంటే బాగుపడాలి గదా, జబ్బు ముదరడమేంటి?

అందరూ మొదట అడిగేది ఇదే, అడగాల్సిందీ ఇదే. ఫంగస్‌ను మందులతో చంపినా దాని కణాల చుట్టూ ఉండే జిగురు పొర ముక్కలు మెదడు నీటిలో నెలల తరబడి మిగిలిపోతాయి. సీడీ4 తక్కువగా ఉన్నంత కాలం ఒంటికి వాటితో పోరాడే బలం ఉండదు. అందుకే మొదటిసారి జబ్బు చేసినప్పుడు ఫంగస్ కుప్పలుగా ఉన్నా వాపు తక్కువగా ఉంటుంది. హెచ్‌ఐవీ మందులు పడ్డాక వైరస్ వారాల్లోనే అణుగుతుంది, రక్షణ కణాలు తిరిగి పుంజుకుంటాయి. అప్పుడు మిగిలిపోయిన ఆ ముక్కల మీద, చచ్చిన ఫంగస్ మీద ఒళ్లు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ పోరులో పుట్టే వాపే తలనొప్పి, జ్వరం, వాంతులు. దీన్ని డాక్టర్లు ఐరిస్ అంటారు.

అంటే మందు పనిచేయకపోవడం వల్ల కాదు, పనిచేయడం వల్లే వచ్చిన చిక్కు ఇది. అలాగని తేలిగ్గా తీసుకునేది కాదు. పుర్రె ఎముక సాగదు కాబట్టి లోపల వాపొస్తే ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి చూపును, ప్రాణాన్ని కూడా తీస్తుంది.

మా తమ్ముడికి ముందు ఏ ఫంగస్ జబ్బూ లేదు. హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టిన మూడో వారంలో వచ్చింది. అదీ ఐరిసేనా?

అయ్యుండొచ్చు. ఒంట్లో దాక్కుని ఉన్న ఫంగస్ మందులు మొదలయ్యాక బయటపడడం ఇందులో రెండో రకం. దీనికి ముందు ఫంగస్ చికిత్స పూర్తిగా చేయాలి. ఇది రాకుండా ఆపడానికే మందులు మొదలుపెట్టే ముందు సీడీ4 చూసి, 200 కన్నా తక్కువ ఉంటే రక్తంలో క్రిప్టోకాకల్ యాంటిజెన్ (ఆ ఫంగస్ జిగురు పొర ముక్కల) పరీక్ష చేయాలి. వేలి నుంచి తీసిన రక్తంతో కూడా అయిపోయే చిన్న స్ట్రిప్ పరీక్ష అది, పది నిమిషాల్లో గీత కనబడుతుంది. మధ్యలో మందులు మానేసి చాలా కాలం తర్వాత తిరిగొచ్చినవాళ్లకూ ఈ పరీక్ష అంతే అవసరం. వాళ్లను పాత రోగులే కదా అని వదిలేస్తే ప్రమాదం.

రక్తంలో యాంటిజెన్ ఉండి తలనొప్పి లేకపోయినా వెన్ను నీరు (మెదడు చుట్టూ ఉండే నీరే వెన్నులోకీ దిగుతుంది) పరీక్ష చేయించుకోవాలి. అందులో ఫంగస్ లేదని తేలితే ఫ్లుకొనజోల్ మాత్రలతోనే ముందస్తు చికిత్స చేసి, సాధారణంగా రెండు వారాలు ఆగి హెచ్‌ఐవీ మందులు మొదలుపెడతారు.

అన్ని జబ్బులకూ హెచ్‌ఐవీ మందులు వెంటనే ఇస్తారు. మాకెందుకు నెల రోజులు ఆపారు?

మన దేశంలో 2017 నుంచి సీడీ4 ఎంతున్నా అందరికీ హెచ్‌ఐవీ మందులు ఇస్తున్నారు, ఎంత త్వరగా అయితే అంత మంచిది. మెదడు పొరలకు ఫంగస్ సోకినవారి విషయం వేరు. వీళ్లకు ఫంగస్ చికిత్స మొదలైన 4 నుంచి 6 వారాల తర్వాతే మొదలుపెట్టాలి. మెదడు పొరల టీబీకీ ఇలాగే కొన్ని వారాలు ఆపుతారు.

దీని వెనక గట్టి రుజువుంది. ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో 177 మంది మీద చేసిన కోట్ అనే అధ్యయనం 2014లో వెలువడింది. హెచ్‌ఐవీ మందులను ఒకటి రెండు వారాల్లో మొదలుపెట్టినవారిలో ఆరు నెలల్లో 45 శాతం మంది చనిపోయారు. ఐదు వారాల దాకా ఆగినవారిలో 30 శాతం. మెదడు నీటిలో తెల్ల కణాలు 5 కన్నా తక్కువ ఉన్నవారికి, అంటే ఒళ్లు ఇంకా ఫంగస్‌ను పట్టించుకోనివారికి, తొందరపడి మొదలుపెట్టడం వల్ల నష్టం ఎక్కువగా జరిగింది.

కాబట్టి ఒకచోట ఆపమన్నారని ఇంకోచోటికి వెళ్లి, ఫంగస్ సంగతి చెప్పకుండా మాత్రలు తెచ్చుకోకండి. ఆపడం అశ్రద్ధ కాదు, చికిత్సలో భాగం. నాలుగో వారం దాటాక కూడా ఎవరూ మొదలుపెట్టకపోతే అప్పుడు మీరే గట్టిగా అడగండి.

ఐరిస్ ఎప్పుడొస్తుంది? ఎలా గుర్తుపట్టాలి?

ఎక్కువ మందికి హెచ్‌ఐవీ మందులు మొదలైన ఒకటి నుంచి మూడు నెలల్లో. కొందరికి మొదటి వారంలోనే, కొందరికి ఏడాది తర్వాత కూడా. సీడీ4 బాగా తక్కువగా ఉండి, వైరస్ బాగా ఎక్కువగా ఉండి, మొదటిసారి ఫంగస్ ఎక్కువగా పట్టినవారికి వచ్చే అవకాశం హెచ్చు.

గమనించాల్సినవి ఇవి: తెల్లవారుజామున, పడుకున్నప్పుడు ఎక్కువయ్యే తలనొప్పి. తినకపోయినా వచ్చే వాంతి. మెడ బిగుసుకుపోవడం. ఒకటి రెండుగా కనబడడం, చూపు మసకబారడం, చెవులు వినబడకపోవడం. పేరు తడుముకోవడం, పొంతన లేని మాటలు, పిలిస్తే ఆలస్యంగా పలకడం. ఫిట్స్. మెడ దగ్గర కొత్తగా గడ్డలు కూడా రావచ్చు. మనిషి తిక్కతిక్కగా మాట్లాడుతుంటే గాలి సోకిందనో దిష్టి తగిలిందనో రెండు మూడు రోజులు తిప్పుతారు. ఆ రెండు మూడు రోజుల్లోనే చూపు పోతుంది. ఒత్తిడి వల్ల పోయిన చూపు చాలామందికి మళ్లీ రాదు.

వెన్నులో నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతాయంటారు. నిజమేనా?

నిజం కాదు. ఈ భయంతో సంతకం పెట్టక పోగొట్టుకున్న ప్రాణాలున్నాయి కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

వెన్నుపాము నడుము పైభాగంలోనే అయిపోతుంది. సూది గుచ్చేది దానికి చాలా కింద, తుంటి ఎముకల మట్టంలో. అక్కడ నీటిలో తేలే నరాల పోగులుంటాయి, సూది తగిలితే పక్కకు జరుగుతాయి. ఒక్కోసారి కాల్లో షాక్ కొట్టినట్టు జిల్లుమంటుంది, సూది కొంచెం తిప్పగానే పోతుంది. ఫిట్స్ వచ్చినా, ఒక పక్క బలం తగ్గినా, స్పృహ సరిగా లేకపోయినా ముందు సీటీ స్కాన్ తీసి, గడ్డలాంటిది లేదని చూసుకుని నీరు తీస్తారు.

ఇక్కడ నీరు తీయడం పరీక్షకు మాత్రమే కాదు, అదే వైద్యం. ఒంట్లో రోజుకు సుమారు అర లీటరు మెదడు నీరు ఊరుతుంది, అంతే రక్తంలోకి ఇంకిపోతుంది. ఫంగస్ జిగురు ఆ ఇంకే దారుల్ని జల్లెడకు పిండి పట్టినట్టు మూసేస్తుంది. ఊరేది ఊరుతూనే ఉంటుంది, పోయే దారి లేదు. దాన్ని బయటికి తీయడం తప్ప గత్యంతరం లేదు. ఒత్తిడి తగ్గించే మందుగా అసిటజోలమైడ్‌ను పరీక్షించి చూశారు, హాని చేసింది. మానిటాల్ వల్ల ఈ జబ్బులో మేలున్నట్టు రుజువు లేదు.

ఒత్తిడి కొలవడం ఎంత తేలికో ఒక్కసారి చూస్తే అర్థమవుతుంది. రోగి పక్కకు తిరిగి పడుకుంటాడు. సూదికి గాజు గొట్టం తగిలిస్తారు. అది లేకపోతే శుభ్రమైన కొత్త సెలైన్ సెట్టు ట్యూబును తగిలించి నిటారుగా పట్టుకుంటారు. ముడుచుకున్న కాళ్లు కొంచెం చాపించి, ఊపిరి మామూలుగా తీసుకోమంటారు. నీరు ట్యూబులో మెల్లగా పైకెక్కి ఒకచోట ఆగి ఊపిరితో పాటు ఊగుతుంది. సూది మట్టం నుంచి అక్కడికి టేపుతో కొలిస్తే అదే ఒత్తిడి. 20 సెంటీమీటర్ల లోపుంటే మామూలు. 25 దాటితే నీరు తీయాలి. 20 కన్నా కిందికి వచ్చేదాకా, మరీ ఎక్కువ ఉంటే సగానికి తగ్గేదాకా తీస్తారు. సాధారణంగా 20 నుంచి 30 మిల్లీలీటర్లు. తలనొప్పి బల్ల మీదే తగ్గడం చాలామందిలో చూస్తాం.

ఆ నీరు రెండు గంటలు తిరక్కుండానే మళ్లీ ఊరుతుంది. అందుకే రేపు మళ్లీ తీయాల్సి రావచ్చు, ఎల్లుండి కూడా. ఒత్తిడి నిలకడగా తగ్గేదాకా రోజూ తీయడం సరైన వైద్యమే. ‘నిన్ననే తీశారు కదా’ అని అడ్డుపడకండి. నీరు తీసిన ప్రతిసారీ కేసు షీట్లో ఆ సెంటీమీటర్ల అంకె ఉందో లేదో అడగండి. అంకె రాయకుండా ‘నీరు తీశాం’ అని మాత్రమే ఉంటే సగం పనే జరిగినట్టు.

నీళ్లు తీశాక కూడా తలనొప్పి వస్తోంది. అది ఏది?

లేచి కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గితే అది సూది వేసినచోట నీరు కారడం వల్ల వచ్చే నొప్పి, కొన్ని రోజుల్లో పోతుంది. పడుకుంటేనే ఎక్కువైతే ఒత్తిడి మళ్లీ పెరిగిందని అనుమానించి వెంటనే చెప్పాలి.

తలనొప్పి తిరిగొస్తే అది ఐరిసా, ఫంగస్ తిరగబెట్టిందా? ఎలా తేలుస్తారు?

చూడ్డానికి రెండూ ఒకటే. తేల్చేది వెన్ను నీటి కల్చర్, అంటే ఆ నీటిలో ఫంగస్ పెరుగుతుందేమో ల్యాబులో చూడడం. బతికున్న ఫంగస్ ఉంటే అది పెరుగుతుంది, అప్పుడు తిరగబెట్టినట్టు. ఏమీ పెరగకపోతే, హెచ్‌ఐవీ మందులు క్రమంగా వాడుతుంటే, వేరే కారణం దొరక్కపోతే ఐరిస్. కల్చర్‌లో ఏమీ పెరగలేదని చెప్పడానికి రెండు వారాల దాకా చూడాలి. తీవ్రంగా ఉంటే అన్ని రోజులు ఊరికే కూర్చోరు. ఒత్తిడి తగ్గిస్తూ, ఫంగస్ మందును పెంచో, ఇంజక్షన్ మళ్లీ మొదలుపెట్టో రిపోర్టు వచ్చేదాకా కాపాడతారు.

ఈ లోపల డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న: ‘ఫ్లుకొనజోల్ రోజూ వేసుకున్నారా?’ నిజం చెప్పండి. మానేసి కూడా వేసుకున్నానని చెబితే తిరగబెట్టిన జబ్బును ఐరిస్ అనుకుని స్టెరాయిడ్ ఇచ్చే ప్రమాదం ఉంది. తిట్టినా సరే నిజమే చెప్పండి. మన ప్రాంతంలో టీబీ కూడా ఎక్కువ కాబట్టి అదే నీటిని టీబీకి సీబీనాట్ పరీక్షకూ పంపమని అడగడం మంచిది.

రిపోర్టులో యాంటిజెన్ మళ్లీ పాజిటివ్ అని వచ్చింది. ఫంగస్ పోలేదా?

ఆ ఒక్క రిపోర్టుతో ఏమీ తేలదు. ఫంగస్ చచ్చాక కూడా యాంటిజెన్ నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పాజిటివ్‌గానే ఉంటుంది. వెన్ను నీటికి సిరా కలిపి మైక్రోస్కోపులో చూసే ఇండియా ఇంకు పరీక్షలో చచ్చిన కణాలూ కనబడతాయి. బయట ల్యాబులో డబ్బు పెట్టి ఈ పరీక్షను పదేపదే చేయించుకోవడం దండగ.

ఐరిస్ అని తేలితే ఏం చేస్తారు?

ఒత్తిడి తగ్గించడం, ఫంగస్ మందు, హెచ్‌ఐవీ మందు కొనసాగించడం. తేలికపాటిదైతే నొప్పి మాత్రతో గమనిస్తూ ఉంటే వారాల్లో తగ్గిపోతుంది. నీరు తీసినా తగ్గకుండా మెదడు వాపు, చూపు దెబ్బతినడం వంటివి ఉంటే స్టెరాయిడ్ ఇస్తారు. ప్రెడ్నిసొలోన్ కిలో బరువుకు రోజుకు అర నుంచి ఒక మిల్లీగ్రాము. అంటే 50 కిలోల మనిషికి 25 నుంచి 50 మి.గ్రా. తర్వాత 2 నుంచి 6 వారాల్లో మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. కొందరికి తగ్గించేటప్పుడు తలనొప్పి తిరిగొస్తుంది, అప్పుడు ఇంకొంచెం నెమ్మదిగా తగ్గించాలి. హాయిగా ఉందని ఒక్కసారిగా ఆపేయకూడదు, తలనొప్పి వచ్చిందని సొంతంగా పెంచుకోకూడదు. షుగర్, బీపీ చూస్తూ ఉండాలి.

స్టెరాయిడ్ అంత పనిచేస్తే మొదటి రోజే ఎందుకివ్వరు? మా ఊరి ఆర్‌ఎంపీ ‘డెక్సా’ వేస్తే గంటలో లేచి కూర్చున్నాడు.

లేచి కూర్చుంటాడు, అందులోనే మోసముంది. ఫంగస్ ఇంకా బతికుండగా డెక్సామెథసోన్ ఇస్తే ఏమవుతుందో వియత్నాం, ఇండొనేసియా, ఉగాండా, మలావి వంటి దేశాల్లో 451 మంది మీద చూశారు. 2016లో వెలువడిన క్రిప్టోడెక్స్ అధ్యయనం అది. స్టెరాయిడ్ తీసుకున్నవారిలో ఫంగస్ చావడం మందగించింది, అంగవైకల్యం పెరిగింది. హాని కనబడడంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. టీబీ మెదడు వాపుకు స్టెరాయిడ్ మొదటి రోజు నుంచీ ఇస్తారు, ఫంగస్‌కు ఇవ్వరు. ఆ తేడా తెలియాలంటే వెన్ను నీరు చూడాల్సిందే. ఇప్పటికే ఆ ఇంజక్షన్ వేయించి ఉంటే దాచకండి, ఎప్పుడు ఎన్ని వేశారో చెప్పండి.

ఐరిస్ తగ్గేదాకా హెచ్‌ఐవీ మాత్రలు ఆపితే మేలు కదా?

కాదు. ఆపితే వైరస్ తిరిగి లేస్తుంది, సీడీ4 పడిపోతుంది, మళ్లీ మొదలుపెట్టిన రోజు ఇదే కథ. ప్రాణం మీదికి వచ్చిన అరుదైన సందర్భంలో డాక్టర్ ఆపవచ్చు, ఇంట్లో మీరు నిర్ణయించేది కాదు.

ఫ్లుకొనజోల్ ఎన్ని మాత్రలు, ఎన్నాళ్లు?

మొదటి రెండు వారాలు ఆసుపత్రిలో ఆంఫోటెరిసిన్ ఇంజక్షన్‌తో అసలు చికిత్స నడుస్తుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పద్ధతిలో లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఒకే ఒక్క పెద్ద మోతాదు, కిలోకు 10 మి.గ్రా. ఇచ్చి, 14 రోజులు ఫ్లుసైటోసిన్, ఫ్లుకొనజోల్ 1200 మి.గ్రా. ఇస్తారు. ఫ్లుసైటోసిన్ దొరకనిచోట ఆంఫోటెరిసిన్‌తో పాటు ఫ్లుకొనజోల్ 1200 రెండు వారాలు.

తర్వాత రోజుకు 800 మి.గ్రా. ఎనిమిది వారాలు. 200 మాత్రలైతే నాలుగు, 400వైతే రెండు. ఆ తర్వాత రోజుకు 200. కనీసం ఏడాది వాడి, సీడీ4 200 దాటాకో, 100 దాటి వైరల్ లోడ్ (రక్తంలో హెచ్‌ఐవీ వైరస్ లెక్క) అణిగాకో డాక్టర్ ఆపుతారు.

తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. షాపుల్లో తేలిగ్గా దొరికేది తామరకు, ఆడవాళ్ల ఇన్ఫెక్షన్లకు ఇచ్చే 150 మాత్ర. చీటీలో ‘ఫ్లుకొనజోల్’ అని చూసి అదే ఇస్తారు. వారానికొకటి వేసుకోమని కూడా చెబుతారు. మెదడు జబ్బుకు అది ఎందుకూ చాలదు. స్ట్రిప్ మీద మిల్లీగ్రాముల అంకె చదివించుకోండి. గర్భం అనుమానం ఉన్నా, కళ్లు పచ్చబడ్డా ముందే చెప్పండి.

ఆంఫోటెరిసిన్ ఎక్కించే రోజుల్లో పక్కనున్నవాళ్లం ఏం చూడాలి?

ఇది మూత్రపిండాల మీద, పొటాషియం మీద పడే మందు. మందుకు ముందు పొటాషియం కలిపిన ఒక లీటరు సెలైన్ ఎక్కుతుంది, అది వృథా కాదు. మందును మాత్రం 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, ఉప్పు సెలైన్‌లో కలిస్తే విరిగిపోతుంది. చలి, వణుకు వస్తే నర్సమ్మకు చెప్పండి. మూత్రం ఎంత పోస్తున్నారో రాసి పెట్టండి. కాళ్లు పీకడం, గుండె దడ, నీరసం పొటాషియం తగ్గిన గుర్తులు. అరటిపండు, కొబ్బరినీళ్లు మంచివే గానీ ఆ లోటు పూడ్చవు. హెచ్‌ఐవీ మాత్రలోని టెనోఫోవిర్ కూడా మూత్రపిండాల మీద పనిచేసేదే కాబట్టి మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష తప్పించొద్దు.

టీబీ మందులు కూడా వాడుతున్నాం. ఫర్వాలేదా?

వాడొచ్చు, కానీ టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ ఫ్లుకొనజోల్ బలాన్ని తగ్గిస్తుంది, డాక్టర్ మోతాదు పెంచవచ్చు. హెచ్‌ఐవీ మందు డొలుటెగ్రావిర్‌ను ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది, అందుకే పన్నెండు గంటల తర్వాత 50 మి.గ్రా. మాత్ర అదనంగా ఇస్తారు. రెండో మాత్ర మర్చిపోకండి. గ్యాస్‌కు తాగే తెల్లటి మందును డొలుటెగ్రావిర్ వేసుకున్న రెండు గంటల తర్వాతే తాగాలి.

పనికోసం గుంటూరుకో బెంగళూరుకో వలస పోవాలి. పోవచ్చా?

హెచ్‌ఐవీ మందులు మొదలైన మొదటి మూడు నెలలు వీలైతే పోకండి. ఐరిస్ ఎక్కువగా వచ్చేది ఆ రోజుల్లోనే. తప్పదంటే ఏఆర్‌టీ సెంటర్లో ముందే చెప్పండి, అక్కడి సెంటర్‌కు రాసిస్తారు. రెండు రకాల మాత్రలూ లెక్క చూసుకుని తీసుకెళ్లండి. హెచ్‌ఐవీ మాత్రలు తీసుకుని ఫ్లుకొనజోల్ మర్చిపోవడం తరచూ జరుగుతుంది. డిశ్చార్జి కాగితం ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

వేరే ఆసుపత్రికి వెళ్తే హెచ్‌ఐవీ సంగతి చెప్పాలా? నలుగురికీ తెలుస్తుందని భయం.

వైద్యం చేసే డాక్టర్‌కు చెప్పాలి, చెప్పకపోతే ఈ జబ్బు ఆయన ఊహకే రాదు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ సంగతి బయటపెట్టడం, హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం రెండూ చట్టవిరుద్ధమే. ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. 1097కు ఫోన్ చేసి సలహా అడగొచ్చు, ఖర్చు లేదు.

రాత్రిపూట ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకపోయినా ఏం చేయాలి?

పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు, చెంచా, గుడ్డ ఏదీ పెట్టొద్దు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ప్రయోజనం లేదు, సమయం పోతుంది. ఎన్ని నిమిషాలు కొట్టుకున్నాడో గడియారం చూడండి. 108కు ఫోన్ చేసి ‘హెచ్‌ఐవీ మందులు వాడుతున్నారు, ఇంతకుముందు మెదడుకు ఫంగస్ వచ్చింది’ అని ఆ మాటల్లోనే చెప్పండి. తెల్లారేదాకా ఆగొద్దు. వెన్ను నీరు తీసి, సీటీ చేయగల చోటికే పోవాలి: కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం జీజీహెచ్, కడప రిమ్స్, బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రి, ఏది దగ్గరైతే అది. వెంట తీసుకెళ్లాల్సినవి ఒకే సంచిలో ముందే పెట్టుకోండి: ఏఆర్‌టీ పుస్తకం, డిశ్చార్జి కాగితం, పాత వెన్ను నీటి రిపోర్టులు, వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులు అన్నీ, ఖాళీవి కూడా. హెచ్‌ఐవీ మందులు ఏ తేదీన మొదలయ్యాయో ఆ పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. క్యాజువాలిటీలో డాక్టర్ వెతికే మొదటి తేదీ అదే.